కన్యాశుల్కము నుండి వరశుల్కము వఱకు



మన సంఘపు వార్షిక సంచికలయందు గోత్ర ప్రవరలను గూర్చియు, అగ్రహారముల పుట్టుపూర్వోత్తరములను గూర్చియు, వేదవిద్వాంసుల పాండిత్యమును గూర్చియు వ్యాసములు వచ్చుట పరిపాటి. పూర్వుల కీర్తిని స్మరించుట సంతతివారికి విధియే. అయినను చరిత్రము కీర్తితోడనే నిండియుండదు. దూలమునకు బట్టిన చెదలును జూడక గోడలకు సున్నము వేయించువాడు ఇల్లు నిలుపుకొనువాడు కాడు. కావున ఈ యేటి సంచికకు నేనొక పట్టికను గూర్చి వ్రాయదలచితిని. అది దానశాసనము కాదు, రాజప్రశస్తియు గాదు. మన ప్రాంతమున మనవారు తమ యాడుబిడ్డలను రూకలకు అమ్ముకొన్న లెక్క అది.

పట్టిక

విజయనగర సంస్థానాధీశ్వరులగు శ్రీ పూసపాటి ఆనందగజపతి మహారాజుగారు 1879 లో సంస్థానాధిపత్యమునకు వచ్చి 1897 లో కీర్తిశేషులైరి. సంగీత సాహిత్యములయందు వారికిగల యభిరుచి లోకవిదితమే. వారు చేసిన మఱియొక కార్యము అంతగా వాడుకలో లేదు. విశాఖపట్టణ మండలమున సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడు సంవత్సరముల కాలములో శుల్కము పుచ్చుకొని జరిపిన వివాహములెన్నియో వారు ఒక పట్టిక వ్రాయించిరి. ఆ పట్టికలోని సంఖ్యలను గురజాడ అప్పారావు పంతులుగారు 1897 లో ప్రకటింపబడిన తమ "కన్యాశుల్కము" నాటకపు పీఠికలో ఉదాహరించుటచే అవి మనకు దక్కినవి.

ఆ మూడేండ్లలో పట్టికకెక్కిన శుల్కవివాహములు 1,034. అనగా సగటున ఏటికి 344. వధువులలో అయిదేండ్ల వయస్సువారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆఱుగురు, ఒక్క యేడు వయస్సుగలవారు ముగ్గురు. ఈ ముగ్గురు చంటిబిడ్డలకును కట్టిన వెల తల యొక్కింటికి 350 మొదలు 400 రూపాయలు. గర్భములోనున్న శిశువునకు సైతము బేరము కుదుర్చుకొనుట అప్పుడప్పుడు కలదని పీఠికాకారులు వ్రాసిరి. అయిదేండ్లును అంతకు లోపును గల బిడ్డల నందఱిని గూడినచో 188 మంది. నూటికి పదునెనిమిది మంది వధువులు ఓనమాలు దిద్దు వయస్సుగూడ దాటనివారన్నమాట.

ఇది సమగ్రమైన పట్టిక కాదు. శుల్కము పుచ్చుకొంటిమని పదుగురిలో ఒప్పుకొనుటకు గృహస్థులకు సహజముగానే సంకోచముండెను. లెక్కకు అందినవే ఇన్నియైనచో అందనివి ఎన్నియో పాఠకులే యూహింపవచ్చును. అదిగాక, నాటి విశాఖపట్టణ మండలమున విజయనగరము, పాలకొండ మున్నగునవి చేరియుండెనుగాని శ్రీకాకుళము చేరియుండలేదు. శ్రీకాకుళము, టెక్కలి ప్రాంతములు అప్పుడు గంజాము మండలములోనివి. 1936 లో ఒరిస్సా రాష్ట్రమేర్పడిన పిమ్మటనే ఇవి విశాఖపట్టణముతో గలిసినవి. 1950 ఆగష్టు 15 న శ్రీకాకుళము జిల్లాయు, 1979 లో విజయనగరము జిల్లాయు ఏర్పడినవి. కావున వంశధార, నాగావళి తీరములందలి అనేకాగ్రహారముల సంగతి ఆ పట్టిక చెప్పదు. అచ్చటి వాడుక వేఱుగానుండెనని మనము గర్వించుటకు మాత్రము ఆధారము లేదు.

శాస్త్రమేమి చెప్పెను?

ఈ యాచారము శాస్త్రబలముచే నడచెనని చెప్పుట కుదరదు. మనువు అష్టవిధ వివాహములను విభజించుచు, కన్యకును ఆమె జ్ఞాతులకును ధనమిచ్చి చేసికొను వివాహమును ఆసురమని పేర్కొనెను. విద్వాంసుడైన తండ్రి స్వల్పమైన శుల్కమును సైతము గ్రహింపరాదనియు, లోభముచే గ్రహించినవాడు సంతానవిక్రయి యగుననియు మూడవ యధ్యాయముననే విధించెను. తొమ్మిదవ యధ్యాయమున నాలుగవ వర్ణమువాడు గూడ కూతునకు శుల్కము పుచ్చుకొనరాదని చెప్పెను. అయినను దానికి ముందఱి శ్లోకముననే శుల్కమిచ్చిన వరుడు వివాహమునకు బూర్వము మరణించినచో కన్యను ఏమి చేయవలయునను నిర్ణయమును గలదు. నిషేధము, ఆ నిషిద్ధ వ్యవహారములోని తగవుల తీర్పు, ఈ రెండును ఒకే గ్రంథమున ప్రక్కప్రక్కన నుండుటను బట్టి ఏమి తేలుచున్నది? శాస్త్రము కాదన్న కాలముననే లోకము ఆ పని చేయుచుండెనని తేలుచున్నది.

కావున "శాస్త్రమున లేదు, కనుక మనలో లేదు" అను వాదమునకు విలువ లేదు. ఆ 1,034 వివాహములును వేదమంత్రములతోడనే జరిగినవి. పురోహితులు మనవారే, లగ్నము పెట్టినవారు మనవారే, సదస్యులుగా గూర్చుండి సంభావన లందుకొన్నవారును మనవారే.

ఈ వ్యాపారమెట్లు నడచెను?

కూతు నమ్మిన తండ్రులందఱు క్రూరులని తలచుట సులభము. కాని సులభమైన తలంపు చరిత్రమున కక్కఱకు రాదు. అగ్రహారపు భూములు తరతరములకు పంపకములై చిన్న చెక్కలైనవి. అప్పులు పెరిగినవి. కుమారునకు పెండ్లి చేయవలెనన్నచో మఱియొకరి కూతునకు శుల్కమీయవలెను. ఆ శుల్కమునకు తన కూతునమ్మవలెను. కన్యాశుల్క నాటకమున అగ్నిహోత్రావధానులు చిన్నకూతురగు సుబ్బిని ముసలివాడైన లుబ్ధావధానులకిచ్చి, ఆ సొమ్ముతో కుమారుడగు వెంకటేశము పెండ్లి చేయదలచుట ఈ గొలుసులోని యొక కడియే. ఒక యింటి కూతురు మఱియొక యింటి కోడలికి వెలయగుచుండెను. ఇట్లు ఊరూరను ఆడుబిడ్డలు నాణెములవలె చేతులు మాఱిరి.

ఈ బేరములో గెలుచువాడు డబ్బుగలవాడు. డబ్బుగలవాడు తఱచుగా వయస్సు మళ్ళినవాడు, భార్య గతించినవాడు. అయిదేండ్ల బాలికకు నలువదియైదేండ్ల వరుడు దొరకెననుకొందము. ఆమెకు ఇరువదియేండ్లు వచ్చునప్పటికి అతనికి అఱువది. ఆమె శేషజీవితమంతయు వైధవ్యమే. దరిద్రుడగు యువకునకో, శుల్కమీయలేక బ్రహ్మచర్యమే శరణ్యము. ఒకే యూరిలో పెండ్లికాని యువకులును, పెండ్లియై పోయిన బాలవితంతువులును ప్రక్కప్రక్క యిండ్లలోనుండి, ఒకరి దుఃఖమునకు మఱియొకరి దుఃఖము కారణమని గుర్తింపకయే బ్రదికిరి.

వితంతువునకు తల బోడిచేయుట, ఒంటిపూట భోజనము, శుభకార్యములనుండి వెలి. ఆస్తి విషయమున ఆమెకుగల హక్కు చాల యిండ్లలో తిండి బట్టలతో సరి. ఆమె చాకిరి మాత్రము ఉమ్మడికుటుంబమున కవధి లేకుండ నుపయోగపడెను. వంట, మడినీళ్ళు, పురుళ్ళు, రోగుల సేవ, ఇవన్నియు ఎవరు చేసిరో మన కుటుంబ చరిత్రములలో ఎచ్చటను వ్రాయబడలేదు.

చట్టము, నాటకము

ఆనందగజపతి మహారాజుగారు పట్టిక వ్రాయించి యూరకుండలేదు. 1888 లో మద్రాసు శాసననిర్మాణ సభయందు కన్యాశుల్కమును మాన్పుటకై యొక చట్టపు చిత్తును ప్రవేశపెట్టిరి. అది చట్టము కాలేదు. విధవావివాహమునకు మాత్రము చట్టము 1856 లోనే వచ్చియుండెను. ఆ చట్టముననుసరించియే కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఆ చట్టములోని మఱియొక నిబంధనను కూడ గుర్తింపవలెను. పునర్వివాహము చేసికొన్న స్త్రీకి మొదటి భర్త యాస్తిపై గల హక్కు పోవును. ఒక చేత వివాహము నిచ్చి మఱియొక చేత జీవనాధారమును తీసికొనుట యిది. ధైర్యము చేయువారి సంఖ్య తక్కువగుటకు లోకనింద యెంత కారణమో ఈ నిబంధనయు నంత కారణము కాకపోలేదు.

చట్టము వెళ్ళలేని వాకిళ్ళలోనికి నాటకము వెళ్ళినది. కన్యాశుల్కము 1892 లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారిచే ప్రథమమున ప్రదర్శింపబడినది. 1897 లో అచ్చుపడి ఆనందగజపతి మహారాజుగారికి అంకితమైనది. 1909 లో మిక్కిలి పెంచి మార్చిన రూపమున మరల వెలువడినది. సంస్కృతమభ్యసించిన నావంటివాడు గ్రాంధికమునే వ్రాయుచున్నను, అప్పారావుగారు నాటకమును మన యిండ్లలోని మాటలతో నేల వ్రాసిరో నాకు సుబోధమే. శుల్కపు బేరము గ్రాంధికమున జరుగలేదు. వంటయింటి యేడుపు గ్రాంధికమున వినబడదు. బేరమాడువారు తమ మాటలను తామే రంగస్థలముపై విని సిగ్గుపడవలయునన్నచో ఆ మాటలే కావలెను.

ఆ నాటకమున నందఱు గిరీశమును, మధురవాణిని జ్ఞప్తియందుంచుకొందురు. నేను పాఠకుల దృష్టిని వెంకమ్మగారి మీదికి మరల్చుచున్నాను. ఆమె అగ్నిహోత్రావధానుల భార్య. పెద్దకూతురు బుచ్చమ్మ యీ యాచారమువలననే బాల్యమున విధవయై యింటనున్నది. చిన్నకూతునకు నదే గతి పట్టుచుండగా తల్లి కాదన్నది. ఆమె మాటకు విలువ లేదు. ప్రాణము తీసికొందునని బెదరించుట తప్ప ఆమెకు సాధనము లేదు. సంబంధము చెడగొట్టుటకు ఆమె తమ్ముడు కరటకశాస్త్రి శిష్యునకు ఆడువేషము వేసి మోసము చేయవలసివచ్చెను. కన్నతల్లి తన బిడ్డను కాపాడుకొనుటకు న్యాయమార్గమొకటియైనను లేని సమాజమది. కన్యాశుల్కమనగా కేవలము రూకల సంగతి కాదనియు, ఇంటిలో స్త్రీ మాటకు తూకము లేకపోవుటయే దాని మూలమనియు ఈ యొక్క పాత్ర చాటుచున్నది.

బేరము తిరుగబడుట

చట్టము రాకున్నను కన్యాశుల్కము క్రమముగా మన కుటుంబములనుండి తొలగినది. దీనిని సంస్కర్తల విజయమని చెప్పుట వాడుక. వారి కృషి సామాన్యము కాదు. కాని అదే కాలమున మఱియొక మార్పు వచ్చినది. ఇంగ్లీషు చదువులు వచ్చినవి. ప్లీడరు పని, గుమాస్తా పని, బడి పంతులు పని నెలజీతములను తెచ్చినవి. పరీక్ష నెగ్గిన కుఱ్ఱవానికి మునుపు లేని వెల వచ్చినది. ఆడుబిడ్డకు చదువు లేదు, ఉద్యోగము లేదు, ఆస్తిలో భాగము లేదు. కావున తక్కెడ రెండవ ప్రక్కకు మొగ్గినది.

1920 తరువాత కొలది యేండ్లలోనే కాళ్ళకూరి నారాయణరావుగారు "వరవిక్రయము" అను నాటకమును వ్రాయవలసివచ్చెను. 1939 లో అది చలనచిత్రముగా గూడ వచ్చినది. 1892 న కన్యాశుల్కము, ముప్పది నలువది యేండ్లలో వరవిక్రయము! ఈ రెండు నాటకముల పేర్లను ప్రక్కప్రక్కన బెట్టి చదివినచో మన సమాజ చరిత్రమంతయు రెండు మాటలలో నిమిడియున్నది. తాతగారు కూతునమ్మి సొమ్ము పుచ్చుకొన్న యింటనే మనుమడు కూతుతోబాటు సొమ్ము నిచ్చుకొన్నాడు. శుల్కము దారి మార్చుకొన్నది. బాలిక మాత్రము పుచ్చుకొన్నప్పుడు సరకు, ఇచ్చునప్పుడు బరువు. ఈ రెంటిలో దేనియందును ఆమె మనుష్యురాలిగా లెక్కకు రాలేదు.

చరిత్రము నేర్పు పాఠమిదియే. దురాచారముయొక్క రూపమును మాత్రము ఖండించి, దాని వేరును, అనగా స్త్రీకి విద్య, ఆస్తి, నిర్ణయాధికారము లేకపోవుటను అట్లే యుంచినచో, ఆ వేరు మఱియొక చిగురు తొడుగును.

ఇచ్చట మఱియొక సంగతి చెప్పవలెను. మన జిల్లాలలోని వ్యవసాయ కులములందును, శ్రామిక కులములందును పూర్వము ఓలి యిచ్చి పిల్లను తెచ్చుకొనుట కలదు. కాని అచ్చట స్త్రీ నాట్లు నాటును, కోత కోయును, సంతకు పోయి యమ్మి వచ్చును. ఆమె కష్టము ఇల్లు వీడిపోవుచున్నందున ఓలి యొక విధముగా దానికి గుర్తింపు. భర్త పోయినచో మారుమనువు తప్పుగాదు. ఆ కులములు కొంత చదివి కొంత గడించిన పిమ్మట పెద్దఱికమునకు గుర్తుగా మన యింటి కట్నమును, మన యింటి వైధవ్యనియమములను అనుకరించినవి. ఒక చెడుపును మనము విడిచినను విడువకున్నను, దానికి గౌరవముద్ర వేసి పదిమందికి పంచిన బాధ్యత మనపై గలదు. ఆదర్శముగా నుండినవారు విడుచుటయందును ఆదర్శముగా నుండవలెను.

హక్కుల చరిత్రము

ఆస్తి విషయమున శాస్త్రజ్ఞులు ఏకవాక్యముగా కఠినులు కారు. విజ్ఞానేశ్వరుని మితాక్షర స్త్రీధనమను పదమునకు విశాలమైన యర్థము చెప్పి, వారసత్వముగాను, క్రయముచేతను, పంపకముచేతను వచ్చినదానిని గూడ అందు చేర్చినది. ఈ గ్రంథమును పదుమూడవ శతాబ్దముననే కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తరువాతి వ్యవహారమున, న్యాయస్థానములలో, ఈ విశాలార్థము కుదించుకొనిపోయినది.

స్వాతంత్ర్యమునకు ముందు 1929 నాటి శారదా చట్టము బాలికకు 14 ఏండ్లు, బాలునకు 18 ఏండ్లు వివాహ కనీస వయస్సుగా నేర్పఱచినది. 1978 లో అవి 18, 21 ఏండ్లయినవి. 1937 నాటి చట్టము వితంతువునకు భర్త యాస్తిలో భాగమిచ్చినది కాని అది జీవితకాలానుభవమునకు మాత్రమే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఆ పరిమితిని తొలగించి స్త్రీని సంపూర్ణ స్వామినిగా జేసినది. అయినను పిత్రార్జితమగు ఉమ్మడి యాస్తిలో కుమారునకు పుట్టుకతో వచ్చు హక్కు కుమార్తెకు రాలేదు. ఈ లోపమును సవరించుటలో మన ఆంధ్రప్రదేశ్ ముందడుగు వేసినది. నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వ కాలమున చేయబడి, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించిన సవరణచే అవివాహితలైన కుమార్తెలకు కుమారులతో సమానమైన హక్కు కల్గినది. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటను, వివాహితలకు గూడ, ఆ హక్కు వచ్చినది. ఆ తేదీనాటికి తండ్రి జీవించియుండవలెనన్న నియమము లేదని 2020 ఆగష్టులో సుప్రీము కోర్టు తేల్చినది.

కట్న నిషేధమునందును మన రాష్ట్రము వెనుకబడలేదు. 1961 నాటి కేంద్ర చట్టమునకు మూడేండ్లు ముందుగానే, 1958 లో, ఆంధ్రప్రదేశ్ తన కట్ననిషేధ చట్టమును చేసికొన్నది. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును నేరములే. పుచ్చుకొన్న కట్నమును మూడు మాసములలో వధువునకు అప్పగింపవలెనని గూడ కేంద్ర చట్టము విధించుచున్నది. ఈ నిబంధన యున్నదని పెండ్లిపీటలపై గూర్చుండు వధువులలో నెంతమందికి తెలియును?

"కట్నము స్త్రీధనమే గదా, తండ్రి కూతున కిచ్చిన భాగమే గదా" అని కొందఱందురు. ఈ వాదమును శాస్త్రముతోడనే పరీక్షింతము. స్త్రీధనమునకు యజమాని స్త్రీ. దానిని అనుభవించి బ్రదుకు బంధువులు పాపులని మనువు చెప్పెను. కట్నపు సొమ్ము ఎవరి చేతికి పోవుచున్నది? వరుని తండ్రి చేతికి, వరుని చెల్లెలి పెండ్లికి, వరుని చదువు ఋణమునకు. ఆడపడుచు లాంఛనములు, ప్రయాణపు ఖర్చులు, వియ్యాలవారి మర్యాదలు, వీనిలో వధువునకు దక్కునది కట్టుకొన్న చీర. దీనిని స్త్రీధనమనుట శబ్దమునకే యపచారము. పైగా "పసుపు కుంకుమల క్రింద ఇచ్చితిమి గదా" యని చెప్పి, తండ్రి పోయిన పిమ్మట అన్నదమ్ములు ఆమెచే హక్కు విడుదల పత్రముపై సంతకము చేయించుకొనుట లోకమున సర్వసామాన్యము. కట్నము వియ్యాలవారికి పోయినది, భాగము అన్నదమ్ములకు పోయినది. కూతునకు మిగిలినది పుట్టింటి రాకపోకలు చెడకుండుటకై సంతకము చేసిన కలము.

నేటి స్థితి

"ఇవన్నియు వెనుకటి ముచ్చటలు, ఇప్పుడు మన యాడుబిడ్డలు ఇంజనీర్లు, వైద్యులు, విదేశములలో నుద్యోగినులు" అనువారు గలరు. అది సంతోషింపదగిన సత్యమే. కాని పూర్ణసత్యము కాదు. 2011 జనాభా లెక్కలలో విజయనగరము జిల్లాలో స్త్రీల యక్షరాస్యత నూటికి 50 కంటె కొంచెము తక్కువ, పురుషులది 68. శ్రీకాకుళము జిల్లాలో స్త్రీలది 52, పురుషులది 71 కి పైన. కన్యాశుల్కము పుట్టిన నేలపై, ఆ నాటకము పుట్టిన సుమారు నూటపందొమ్మిదేండ్లకు, సగము మంది స్త్రీలు దానిని చదువలేని స్థితి యది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణలో ఆంధ్రప్రదేశ్‌లో 20 మొదలు 24 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లియైనట్లు తేలినది. ఏడాది బిడ్డకు వెలగట్టిన కాలము పోయినది నిజమే. చదువు మధ్యలో బడి మాన్పించి పెండ్లిపీట లెక్కించు కాలము పోలేదు.

మన కులమున నిరక్షరాస్యత తక్కువ గావచ్చును. కాని చదువుకొన్న యింట కట్నము తగ్గినదా? వరుని పట్టముతోబాటు పెరుగుచున్నది. వధువు తానును సంపాదించుచున్నను ఆమె జీతము కట్నమునుండి మినహాయింపబడుట లేదు, దానిపై కూడుచున్నది. వితంతువు బోడితల పోయినది. పేరంటములో ఆమె ముందఱ కుంకుమభరిణ ఆగకుండ దాటిపోవుట పోలేదు.

మన సంఘము చేయదగినది

సభలలో తీర్మానములు చేసి చప్పట్లు కొట్టుట మనకు కొత్త కాదు. నేను పెద్ద తీర్మానమును కోరుట లేదు. ఆనందగజపతి మహారాజుగారు చేసిన పనినే మరల చేయుడని కోరుచున్నాను. అనగా లెక్క వ్రాయుడు. కులసంఘమున కొక మేలున్నది. ఎవరి యింట ఎప్పుడు పెండ్లియైనదో ప్రభుత్వముకన్న మనకే ముందుగా తెలియును.

మొదటిది: ప్రతి సంవత్సరము మన సభ్యుల యిండ్లలో జరిగిన వివాహములకు పట్టిక వ్రాయవలెను. వధూవరుల వయస్సు, చదువు, ఇచ్చిన కట్నకానుకల మొత్తము, పెండ్లిఖర్చు నెవరు భరించిరి, వధువు చదువు ఆగినదా సాగినదా అను ప్రశ్నలు చాలును. పేర్లు ప్రకటింపరాదు, సంఖ్యలు ప్రకటింపవలెను. అడుగువారు స్త్రీలుగా నుండవలెను. ఇంటి యజమానిని గాక వధువునే, వధువు తల్లినే యడుగవలెను. నిజము చెప్పుటకు సంకోచింతురందురేమో. నాటి పట్టికకును అదే సంకోచ మడ్డువచ్చినది. అయినను ఆ యసంపూర్ణపు పట్టికయే నూఱేండ్లకు పైగా మనలను ప్రశ్నించుచున్నది.

రెండవది: వివాహ సంబంధములను సూచించు మన పుస్తకమున కట్నమును సూచించు మాటలకు తావీయరాదు. వితంతువులకును, విడాకులు పొందినవారికిని వెనుక పుటలలో ప్రత్యేకముగా నొక మూల నిచ్చుట మాని, అక్షరక్రమమున అందఱితోబాటు చేర్చవలెను.

మూడవది: మనమిచ్చు విద్యార్థివేతనములలో సగము బాలికలకు కేటాయింపవలెను. పదవ తరగతి దాటిన బాలిక చదువు ధనాభావముచే ఆగినదని తెలిసినచో, దేవాలయ గోపురపు చందాకన్న ముందుగా ఆమె రుసుము చెల్లింపవలెను.

నాలుగవది: కార్యవర్గమున స్త్రీలు సగముండవలెను. మహిళావిభాగమని పేరు పెట్టి ముగ్గుల పోటీలు, కుంకుమపూజలు మాత్రము వారికి విడిచి, లెక్కలు, నిర్ణయములు మనయొద్ద నుంచుకొనుట వెంకమ్మగారికి జరిగిన దానికి మఱియొక రూపమే. సభారంభమున జ్యోతి వెలిగించుటకు పిలుచువారిలో వితంతువులైన పెద్దలు గూడ నుండవలెను. దీనికి ఖర్చులేదు, చట్టము నక్కఱలేదు. ఈ సంవత్సరముననే చేయవచ్చును.

అయిదవది: సభ్యులు తమ కుమార్తెలచే హక్కు విడుదల పత్రములను వ్రాయించుకొనకుందురని ప్రతిజ్ఞ చేయవలెను. చట్టమిచ్చినదానిని ప్రేమపేరిట తిరిగి తీసికొనుట ధర్మము కాదు. కుమార్తెకు ఆస్తిలో భాగము నిజముగా నందినప్పుడు కట్నమునకు మిగులు కారణమేదియు నుండదు. కన్యాశుల్కము పోయి వరశుల్కము వచ్చినట్లు, వరశుల్కము పోయి మూడవ శుల్కము రాకుండుటకు ఇదియొక్కటే మార్గము.

సోదరులారా! ఆ 188 మంది బిడ్డలలో ఒక్కరి పేరును చరిత్రమున నిలువలేదు. వారు మన ముత్తవ్వలే గావచ్చును, వారి తోబుట్టువులే గావచ్చును. మన వంశవృక్షములలో పురుషుల పేర్లు పది తరములు వెనుకకు పోవుచున్నవి; వారి సహధర్మచారిణుల పేర్లు మూడవ తరముననే మాసిపోవుచున్నవి. రాబోవు సంవత్సరపు సంచికలో గోత్రముల వ్యాసముతోబాటు మన పట్టికయు నచ్చుపడవలెను. అందలి సంఖ్యలు మనకు సిగ్గు గలిగించినను సరే. దాచిన లెక్కకన్న సిగ్గుపడిన లెక్క మేలు. ఆ పట్టికకు మొదటి పంక్తిని వ్రాయుటకు ఈ మహాసభ ముగియకమునుపే ఇరువురు సోదరీమణులను నియమింపవలయునని కార్యవర్గమువారిని సవినయముగా ప్రార్థించుచున్నాను.